విశాఖలో ఏరియా ఎంచుకోవడం ఎలా? ముందు కొండను చూడండి, తర్వాత పేరు

విశాఖపట్నంలో ఇల్లు వెతికేవాళ్లందరూ మొదట అడిగే మాట ఒకటే: "ఏ ఏరియా మంచిది?" చుట్టాలు ఎంవీపీ కాలనీ అంటారు. ఐటీలో పనిచేసేవాళ్లు మధురవాడ అంటారు. పాతకాలం వాళ్లు సీతమ్మధార, మహారాణిపేట అంటారు. అందరూ నిజమే చెబుతారు, అయినా ఆ జవాబులతో ఇల్లు ఎంచుకోవడం కష్టం. ఈ ఊళ్లో ఒకే ఏరియా పేరుతో ఉన్న రెండు వీధుల మధ్య కూడా చాలా తేడా ఉంటుంది. కింది వీధికి మున్సిపల్ కుళాయి బాగా వస్తుంది, నాలుగు మలుపులు పైన ఉన్న వీధి మోటారు మీదో ట్యాంకర్ మీదో బతుకుతుంది. కింది వీధిలో వానాకాలం గుమ్మం దాకా నీళ్లొస్తాయి, పై వీధిలో అరగంటలో రోడ్డు ఆరిపోతుంది. అద్దె ఒప్పందంలో మాత్రం రెండింటికీ ఒకే ఏరియా పేరు ఉంటుంది.

అద్దెకైనా, కొనడానికైనా, ఏరియా హద్దులు ఎలా తెలుసుకోవాలో, అక్కడ జీవితం ఎలా ఉంటుందో ఎలా అంచనా వేయాలో వరుసగా చెబుతాను.

మొదటి పని: మ్యాప్‌లో కొండలు గుర్తు పెట్టుకోండి

ఫోన్‌లో మ్యాప్ తెరిచి, రోడ్లు చూపించే మామూలు మ్యాప్ కాకుండా శాటిలైట్ బొమ్మ పెట్టండి. ఎత్తుపల్లాలు చూపించే టెరైన్ బొమ్మ అయితే ఇంకా మంచిది. ఉత్తరాన సింహాచలం కొండల వరుస కనిపిస్తుంది. దానికి తూర్పున కంబాలకొండ అడవి, ఆ పక్కన సముద్రాన్ని ఆనుకుని కైలాసగిరి. దక్షిణాన యారాడ కొండలు సముద్రంలోకి పొడుచుకొచ్చి డాల్ఫిన్ నోస్ దగ్గర ఆగుతాయి. ఈ రెండు వరుసల నడుమ ఉన్న పల్లంలోనే పోర్టు, పాత ఊరు, రైల్వే స్టేషన్, పరిశ్రమల్లో చాలా భాగం ఉన్నాయి.

ఇప్పుడు ఒక చిన్న పరీక్ష చేయండి. హెచ్‌బీ కాలనీ నుంచి అడవివరానికి మ్యాప్ మీద గీత గీస్తే చాలా దగ్గర అనిపిస్తుంది. దారి అడిగితే కొండ చుట్టూ తిప్పుతుంది. ఇటు హనుమంతవాక, ఆరిలోవ, ముడసర్లోవ మీదుగా వెళ్లాలి, లేదా అటు ఎన్‌ఏడీ జంక్షన్, గోపాలపట్నం మీదుగా. ఈ ఊళ్లో ఇలాంటి జంటలు చాలా ఉన్నాయి. జోడుగుళ్లపాలెం, విశాలాక్షినగర్ రెండూ కైలాసగిరి కిందే ఉన్నాయి, కాని ఒకటి సముద్రం వైపు, ఒకటి ఊరి వైపు. గాలి వేరు, బస్సు వేరు, అద్దె వేరు.

ఏటా ఆషాఢ పౌర్ణమికి ముందు జరిగే సింహాచలం గిరిప్రదక్షిణ దారి తెలిసినవాళ్లకు ఈ పని సులువు. దాదాపు 32 కిలోమీటర్ల ఆ దారి కొండ దిగువన తొలిపావంచా దగ్గర మొదలై అడవివరం, ముడసర్లోవ, హనుమంతవాక, జోడుగుళ్లపాలెం, అప్పుఘర్, ఎంవీపీ, వెంకోజీపాలెం, హెచ్‌బీ కాలనీ, మాధవధార, ఎన్‌ఏడీ, గోపాలపట్నం మీదుగా తిరిగి కొండ దగ్గరికి వస్తుంది. ఊరికి కొత్తవాళ్లయితే ఒక ఆదివారం పొద్దున్న ఆ దారిలో బండి మీద తిరగండి. కొండ మీకు ఎటువైపు ఉందో ప్రతి జంక్షన్ దగ్గరా చూసుకోండి. ఎన్ని ఏరియాలు ఒకే కొండకు వీపు ఆన్చి ఉన్నాయో, వాటి మధ్య రాకపోకలకు ఎంత తక్కువ దారులు ఉన్నాయో అప్పుడు అర్థమవుతుంది.

ఊరికీ మధురవాడకీ మధ్య హద్దు కూడా ఇలా కొండలు పెట్టిందే. హనుమంతవాక దాటాక హైవేకి ఒక పక్క జూ పార్కు, మరో పక్క కంబాలకొండ. ఎండాడ వచ్చేదాకా ఇళ్లు పెద్దగా ఉండవు. కాబట్టి మధురవాడలో ఉంటూ రోజూ జగదాంబ జంక్షన్‌కు వెళ్లాల్సినవాళ్లు ఆ మెడలాంటి దారిలోనే వెళ్లి రావాలి. హైవే కాకపోతే బీచ్ రోడ్డు. మూడో దారి అంటే అడవివరం వైపు చుట్టు తిరిగి రావడమే.

పేరు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో కాలినడకన చూడండి

ప్రకటనల్లో ఏరియా పేరు సాగుతుంది. కొమ్మాది దాటి బోయపాలెం దాకా ఉన్న ఫ్లాట్‌ని కూడా మధురవాడ అంటారు. "బీచ్ రోడ్డు" అంటే ఆర్కే బీచ్ దగ్గర కావచ్చు, భీమిలి దగ్గర కూడా కావచ్చు. ఆ రెండింటి మధ్య 20 కిలోమీటర్లకు పైనే ఉంటుంది. "ఎంవీపీని ఆనుకుని" అన్న మాట వింటే అది ఎంవీపీ కాదని అర్థం చేసుకుని, మధ్యలో ఏముందో అడగండి.

దీనికి మంచి మార్గం దుకాణాల బోర్డులు చదవడం. మెడికల్ షాపు, కిరాణా, టైలరింగ్ షాపు బోర్డుల కింద డోర్ నంబరు, ఏరియా పేరు రాసి ఉంటాయి. ఒక రోడ్డు పట్టుకుని నడుస్తూ ఆ పేరు ఎక్కడ మారుతుందో చూడండి. డోర్ నంబర్లో మొదటి అంకె మారిన చోట పాత మున్సిపల్ వార్డు మారిందని అర్థం. ఎంవీపీ కాలనీలో ఈ గొడవ తక్కువ. వుడా, అంటే అప్పటి నగరాభివృద్ధి సంస్థ, వేసిన కాలనీ కనుక సెక్టార్ నంబర్లు ఉన్నాయి, సెక్టార్ అడిగితే చాలు. పాత పల్లెల చుట్టూ పెరిగిన చోట్ల, అంటే పెదవాల్తేరు, రేసపువానిపాలెం, మద్దిలపాలెం లాంటి చోట్ల, పేర్లు ఒకదానిలోకి ఒకటి కలిసిపోయి ఉంటాయి.

జీవీఎంసీ, అంటే నగరపాలక సంస్థ, వార్డుల మ్యాప్ కూడా చూడండి, కాని దానితో ఆగిపోకండి. 2005లో గాజువాక మున్సిపాలిటీని, 32 గ్రామాలను కలిపి మహా నగరపాలక సంస్థ చేశారు. ఇప్పుడు 98 వార్డులు. ఎన్నికల కోసం గీసిన గీతలకూ మనుషులు రోజూ తిరిగే దారులకూ పొంతన ఉండాలని లేదు. ఆ రోజువారీ హద్దు తెలుసుకోవాలంటే అక్కడ ఉండేవాళ్లనే అడగాలి. "ఇది ఏ ఏరియా అండీ?" అని అడిగితే ఎక్కువమంది పేరున్న ఏరియా చెబుతారు. దానికన్నా ఇలా అడగండి: "అమ్మా, మీరు కూరగాయలకి ఏ రైతు బజారుకి వెళ్తారు? ఆర్టీసీ కాంప్లెక్స్‌కి వెళ్లాలంటే ఆటో ఎక్కడ ఎక్కుతారు? పిల్లలు ట్యూషన్‌కి ఎటు వెళ్తారు?" సీతమ్మధార రైతు బజారుకి వెళ్లేవాళ్లు, ఎంవీపీ రైతు బజారుకి వెళ్లేవాళ్లు, కంచరపాలెం వెళ్లేవాళ్లు ఎక్కడ విడిపోతారో అక్కడే అసలు హద్దు ఉంటుంది.

ఆ హద్దు చాలాసార్లు హైవే అయి ఉంటుంది. ఎంవీపీ హైవేకి సముద్రం వైపు, హెచ్‌బీ కాలనీ కొండ వైపు. అక్కయ్యపాలెం, సీతమ్మధార కూడా ఇలాగే అటూ ఇటూ. మ్యాప్‌లో రెండు వందల మీటర్లు ఉన్నా, పొద్దున్న తొమ్మిదింటికి బడి పిల్లను పట్టుకుని ఆ రోడ్డు దాటడం వేరు. జ్ఞానాపురం వైపు రైలు పట్టాలు ఇదే పని చేస్తాయి. మీరు ఎంచుకునే ఇంటి నుంచి బడికి, ఆసుపత్రికి, బజారుకి హైవేగాని పట్టాలుగాని ఎన్నిసార్లు దాటాలో లెక్కవేయండి. నా దృష్టిలో ఏరియా పేరున్నదా కాదా అన్నదానికంటే ఈ లెక్క ముఖ్యం.

ఎత్తు: అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టాల్సిన చోటు

ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు కారులోనో బ్రోకర్ బండి మీదో గుమ్మం దాకా వెళ్లకండి. బస్సు దిగే జంక్షన్ దగ్గరే దిగి నడిచి వెళ్లండి. చేతిలో నాలుగు కిలోల కూరగాయలు ఉన్నాయనుకుని నడవండి. దారిలో ఎక్కడ ఊపిరి అందక ఆగారో గుర్తు పెట్టుకోండి, మీ అమ్మానాన్నలు మీతో ఉంటే వాళ్లు రోజూ అక్కడే ఆగుతారు.

విశాఖలో ఎత్తుకు రెండు ముఖాలు ఉన్నాయి. వాల్తేరు అప్‌ల్యాండ్స్, సిరిపురం, దసపల్లా హిల్స్ ఎత్తు మీదే ఉన్నాయి, ఊళ్లో ఖరీదైన చోట్లలో అవి కూడా ఉన్నాయి. బ్రిటిష్ కాలంలో దొరలు గాలి కోసం పాత ఊరు వదిలి వాల్తేరు మెట్టకు చేరారు. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం వచ్చాక ఆ వైపు మరింత పెరిగింది. అక్కడ వాలు మెల్లగా ఉంటుంది, రోడ్డు వెడల్పు, నీటి పైపులు ముందే పడ్డాయి. రెండో ముఖం కొండవాలు కాలనీలు. ఆరిలోవ, కైలాసపురం, తాటిచెట్లపాలెం లాంటి చోట్ల కొండ అంచున మెట్లు మెట్లుగా ఇళ్లు లేచాయి. పోర్టులో, రైల్వేలో, ఇళ్ల నిర్మాణంలో పనిచేసే వేలమంది తమ చేతులతో కట్టుకున్న ఇళ్లవి. అక్కడి నుంచి కనిపించే సముద్రం ఖరీదైన ఫ్లాట్లలోంచి కనిపించే సముద్రమే. తేడా అంతా రోడ్డు, నీళ్లు, పట్టా దగ్గరే ఉంది. కాబట్టి "కొండ మీద" అన్న ఒక్క మాట విని మంచిదనిగాని చెడ్డదనిగాని నిర్ణయించకండి. ఈ కింది విషయాలు అడగండి.

నీళ్లు. మున్సిపల్ నీళ్లు రోజూ వస్తాయా, ఏ టైముకి, ఎంతసేపు? కిందింటివాళ్లు మోటారు వేస్తే మీకు అందుతుందా? వేసవిలో ట్యాంకర్ ఎన్ని రోజులకోసారి తెప్పిస్తారు, ఆ ట్యాంకర్ ఈ మలుపు తిరగగలదా? ఓనర్ని అడగడంతో పాటు పక్కింటి ఆవిడనీ అడగండి. మే నెలలో సంగతి అడగండి, మీరు ఇల్లు చూసే నెలది అడిగితే సరిపోదు. బోరు ఉందంటే లోతు ఎంత, ఎండాకాలం ఎన్ని గంటలు పోస్తుంది అని అడగండి. కొండ కింద రాయి తగిలిన చోట బోరు మీద నమ్మకం పెట్టుకోలేం.

బండ్లు. గ్యాస్ సిలిండర్ గుమ్మం దాకా వస్తుందా, లేక కింద దింపి వెళ్లిపోతారా? చెత్త బండి వస్తుందా? రాత్రి పూట 108 వస్తే ఎక్కడ ఆగాలి? అక్కడి నుంచి మీ ఇంటికి ఎన్ని మెట్లు? ఇంట్లో గుండె జబ్బు ఉన్నవాళ్లో, గర్భిణో ఉంటే ఈ ఒక్క ప్రశ్నతోనే నిర్ణయం తీసుకోవచ్చు.

కొండ తొలిచిన గోడ. ఇంటి వెనక కొండను నిలువుగా తొలిచారా చూడండి. ఇక్కడి కొండల్లో ఎక్కువ ఖొండలైట్ రాయి. ఎండకు, వానకు అది శిథిలమై ఎర్రమట్టిగా మారుతుంది. పైన గట్టిగా కనిపించే ముఖం కూడా నాలుగు రోజుల ముసురుకు జారవచ్చు. మట్టి జారకుండా ఆపే రిటైనింగ్ వాల్ కట్టారా? కట్టి ఉంటే అందులో నీళ్లు బయటకు పోయే రంధ్రాలు ఉన్నాయా? అవి మట్టితో పూడుకుపోయి ఉంటే వెనక నీరు నిలిచి గోడను తోస్తుంది. గోడ ముందుకు ఒరిగినట్టు కనిపించినా, అడ్డంగా పగులు ఉన్నా ఆ ఇల్లు వదిలేయండి, అద్దె ఎంత తక్కువైనా సరే. ఇంటి పైన వదులుగా ఉన్న బండరాళ్లు, కొత్తగా చెట్లు కొట్టేసిన చోట్లు ఉన్నాయేమో కూడా చూడండి.

వెలుతురు, గాలి కూడా కొండను బట్టే. కొండకు తూర్పున ఇల్లుంటే సాయంత్రం తొందరగా నీడ పడుతుంది, వేసవిలో అది వరం. సముద్రానికీ మీ ఇంటికీ మధ్య కొండ అడ్డుంటే మధ్యాహ్నం వచ్చే సముద్రపు గాలి తగ్గిపోతుంది. అందుకే ఇల్లు చూడటానికి మధ్యాహ్నం మూడు గంటలకు ఒకసారి వెళ్లి ఫ్యాన్ ఆపేసి కాసేపు కూర్చోండి. ఫోన్ సిగ్నల్ కూడా అక్కడే, లోపలి గదిలో నిలబడి చూసుకోండి.

పల్లంలో ఉన్న ఇల్లయితే గెడ్డ ఎక్కడుందో కనుక్కోండి

కొండ మీద పడ్డ వాన గెడ్డల్లో, అంటే వాగుల్లో, దిగి సముద్రానికి చేరాలి. ఊరు పెరిగేకొద్దీ గెడ్డలు కాలువలయ్యాయి, కొన్నింటిపై స్లాబు వేశారు, కొన్ని ఇరుకయ్యాయి. పేరు మారినా నీటికి పాత దారే. గెడ్డ, వాక, మదుం అనే మాటలు ఏరియా పేర్లలో వినిపిస్తే ఆ చుట్టుపక్కల నీటి దారి ఒకటి ఉందని అనుకోవచ్చు. చావులమదుం దగ్గర గట్టి వానకు నీళ్లు నిలవడం పాత ఊరు వాళ్లందరికీ తెలుసు.

అపార్ట్‌మెంట్ సెల్లార్ గోడ మీద నీటి గుర్తు ఉందేమో వెతకండి. కొత్తగా సున్నం వేసి ఉంటే వాచ్‌మన్‌ని అడగండి. వీలైతే పెద్ద వాన పడిన మర్నాడు ఆ వీధికి వెళ్లండి. బురద ఎంత ఎత్తులో అంటుకుందో గోడలు చెబుతాయి. మేఘాద్రిగెడ్డ లాంటి రిజర్వాయర్ దిగువన ఇల్లు చూస్తుంటే గేట్లు ఎత్తిన రోజుల్లో అక్కడ ఏం జరిగిందో పాతవాళ్లను అడగండి.

గాలి ఏమి మోసుకొస్తుందో చూడండి

సముద్రం ఎదురుగా ఇల్లంటే అందరికీ ఇష్టం. ఉప్పుగాలికి గేట్లు, కిటికీ గ్రిల్స్, ఏసీ బయటి యూనిట్లు తొందరగా తుప్పు పడతాయి. ఇది భరించగలిగే ఖర్చే, ముందే లెక్కలో వేసుకోండి. తుఫాను సంగతి వేరు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ ఈ ఊరి మీదే తీరం దాటింది. గంటకు 180 కిలోమీటర్ల ప్రాంతంలో వీచిన గాలికి సముద్రం వైపున్న అద్దాల కిటికీలు పగిలాయి, కైలాసగిరి మీద చెట్లు నేలకొరిగాయి, రోజుల తరబడి కరెంటు, నీళ్లు లేవు. అందుకని సముద్రం వైపు ఫ్లాట్ చూసేటప్పుడు "హుద్‌హుద్‌కి ఇక్కడ ఏమైంది? ఎన్ని రోజులకు కరెంటు వచ్చింది?" అని అడగండి. ఆ భవనం తర్వాత కట్టిందైతే పక్క భవనం వాళ్లను అడగండి. పెద్ద అద్దాలకు షట్టర్లు ఉన్నాయా, ట్యాంకులు గట్టిగా బిగించారా చూడండి.

పోర్టు వైపు వస్తే దుమ్ము. బొగ్గు, ఇనుప ఖనిజం దించే, ఎక్కించే చోటికి దగ్గరగా ఉన్న పాత ఊరు, జ్ఞానాపురం, కాన్వెంట్ జంక్షన్ పరిసరాల్లో నల్లటి పొడి ఇళ్లలోకి రావడం ఏళ్ల తరబడి ఉన్న బాధ. వేసవిలో నైరుతి నుంచి గాలి తోలినప్పుడు ఎక్కువ. కిటికీ గడపమీద తెల్ల రుమాలుతో తుడిచి చూడండి. మేడ మీద ఆరేసిన బట్టల సంగతి అడగండి. ఆస్తమా ఉన్న పిల్లలుంటే ఈ పరీక్ష తప్పనిసరి.

పరిశ్రమల దగ్గర ఇల్లు చూసేటప్పుడు నేల ఎత్తు మళ్లీ ముఖ్యమవుతుంది. 2020 మే 7 తెల్లవారుజామున గోపాలపట్నం దగ్గర ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే రసాయనం ఆవిరి లీకై 12 మంది చనిపోయారు. ఆ ఆవిరి గాలి కంటే బరువైనది, నేలను అంటుకుని పాకుతుంది. 1997 సెప్టెంబర్‌లో మల్కాపురం వైపు రిఫైనరీలో జరిగిన ప్రమాదం ఆ ప్రాంతంలో పెద్దవాళ్లకు ఇంకా గుర్తుంది. రెండు కొండల వరుసల మధ్య ఉన్న ఈ పల్లంలో పొగ తొందరగా బయటకు పోదు, శీతాకాలం పొద్దుపూట మరీను. గాజువాక, మల్కాపురం, శ్రీహరిపురం, గోపాలపట్నం లక్షలమంది ఉంటున్న ఊళ్లు. మార్కెట్లు, బళ్లు, మనుషుల మధ్య చనువు అన్నీ బాగుంటాయి. అక్కడ వద్దని అనను. ఫ్యాక్టరీ గోడ ఎంత దూరం, గాలి ఎక్కువ రోజులు ఎటు నుంచి ఎటు వీస్తుంది, అర్ధరాత్రి బయటపడాలంటే వెడల్పు రోడ్డుకు ఎంతసేపు పడుతుంది, ఈ మూడూ తెలుసుకుని దిగండి.

ధర ఎందుకు ఎక్కువో అడిగి, ఆ కారణం మీకు పనికొస్తుందా చూసుకోండి

రుషికొండలో ధర ఐటీ హిల్స్, సముద్రం వల్ల. సిరిపురం ధర ఊరి నడుమ ఉండటం వల్ల. ఆనందపురం, భోగాపురం వైపు స్థలాల ధర కొత్త విమానాశ్రయం ఆశ వల్ల. మీరు స్టీల్‌ప్లాంట్‌లో పనిచేస్తుంటే ఇందులో ఏ కారణమూ మీ రోజుకు సాయం చేయదు, కూర్మన్నపాలెంలో మంచి గాలి, వెలుతురు ఉన్న ఇల్లు మీకు మేలు. పెట్టుబడి కోసం కొనేవాళ్ల లెక్క వేరు. ఉండటానికి కొనేవాళ్లు వాళ్ల లెక్కను తమదిగా చేసుకోకూడదు.

కొనేటట్టయితే కాగితాల్లోనూ కొండ వస్తుంది

ఇక్కడ ఒక గీత మ్యాప్‌లో కనిపించదు. అడవివరం, వేపగుంట, పురుషోత్తపురం, చీమలాపల్లి, వెంకటాపురం, ఈ ఐదింటినీ పంచగ్రామాలంటారు. సింహాచలం దేవస్థానం భూముల వివాదం ఏళ్లుగా అక్కడి కుటుంబాలను పట్టి పీడిస్తోంది. ఇల్లు కట్టుకుని తరాలుగా ఉంటున్నా అమ్ముకోలేని, లోను తెచ్చుకోలేని పరిస్థితి ఎంతోమందిది. వాళ్ల బాధ నిజమైనది, తీరాల్సినది. కొత్తగా కొనేవాళ్లు మాత్రం సర్వే నంబరు పట్టుకుని రిజిస్ట్రేషన్ శాఖ దగ్గర నిషేధిత ఆస్తుల జాబితాలో, అంటే 22ఏ లిస్టులో, ఉందో లేదో చూడకుండా అడ్వాన్స్ ఇవ్వకండి. ఒకే వీధిలో ఒక ఇల్లు ఆ జాబితాలో ఉండి, ఎదురిల్లు లేకపోవచ్చు.

కొండవాలులో అయితే ఆ స్థలం ఫారెస్టుదా, కొండ పోరంబోకా, డీ పట్టా (ప్రభుత్వం అసైన్ చేసిన) భూమా అని విడిగా అడగాలి. బీచ్ వైపు అయితే తీర ప్రాంత నియంత్రణ మండలం, అంటే సీఆర్‌జెడ్, గీతకు ఎటువైపు ఉందో తెలుసుకోవాలి. లేఅవుట్‌కు అనుమతి ఉందంటే నంబరు అడిగి ఇప్పటి నగరాభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏ ఆఫీసులో సరిచూసుకోండి. 2018లో వుడా స్థానంలో వీఎంఆర్‌డీఏ వచ్చింది కాబట్టి పాత కాగితాల మీద వుడా పేరుండటం మామూలే. ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, కనీసం ముప్పై ఏళ్లకు తీయించి, ఈ ఊళ్లో ఆస్తి కేసులు చూసే లాయరుకు చూపించండి. లింకు డాక్యుమెంట్లలో, అంటే పాత అమ్మకాల దస్తావేజుల్లో, సర్వే నంబరు, డోర్ నంబరు, మీరు నడిచి చూసిన హద్దులు, మూడూ ఒకటే స్థలాన్ని చెబుతున్నాయో లేదో మీరే దగ్గర కూర్చుని చదివించుకోండి. కాగితంలో "తూర్పు: కొండ" అని మాత్రమే రాసి ఉంటే సర్వేయర్ని పిలిపించి కొలిపించాకే ముందుకు వెళ్లండి.